గేటు ఎత్తే ముందు నదిని చూపే గాజు పోగు

2014 జూన్ 8 సాయంత్రం. హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లా. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్ళిన ఇంజనీరింగు విద్యార్థులు బియాస్ నది ఒడ్డున ఆగారు. నదిలో నీరు తక్కువగా ఉంది. బండరాళ్ళు పైకి కనిపిస్తున్నాయి. కొందరు వాటి మీదకు దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. అదే సమయంలో ఎగువన ఉన్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం ఆనకట్ట నుంచి నీరు వదిలారు. చూస్తుండగానే ప్రవాహం పెరిగింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న మరొకరు కొట్టుకుపోయారు.

ఈ సంగతి వింటే మనకు ఒక ప్రశ్న కలుగుతుంది. దిగువన మనుషులు ఉన్నారని గేటు ఎత్తేవారికి తెలిసే దారి ఏమైనా ఉందా?

ఉంది. నది ఒడ్డున ఒక కెమెరా పెట్టవచ్చు. అది చూసినదాన్ని ఆనకట్ట దగ్గర ఉన్న గదిలో తెర మీద చూడవచ్చు. "కుడివైపు తిరుగు" అని గదిలోంచే కెమెరాకు చెప్పవచ్చు. ఎవరైనా కనిపిస్తే అక్కడి సైరనును మోగించవచ్చు. అంటే బొమ్మ ఇటు రావాలి, ఆజ్ఞ అటు పోవాలి. ఈ రెండు పనులనూ వెంట్రుక లాంటి ఒక్క గాజు పోగు చేయగలదు. అదెలాగో చూద్దాం.

ఒక ఆనకట్ట ఉందనుకోండి. దానికి 4 కి.మీ. దిగువన, జనం నదిలోకి దిగే చోట, ఒక స్తంభం మీద కెమెరా పెట్టాలి. ఈ పని మనకే అప్పగించారనుకుందాం.

రాగి తీగ చాలదా?

ముందుగా మనకు తట్టేది రాగి తీగ. కంప్యూటర్లను కలపడానికి మామూలుగా వాడే రాగి కేబుల్‌ను ఒక్క వరుసలో 100 మీటర్లకు మించి వేయరాదని నియమం. పాత రకం కెమెరాలకు వాడే కోయాక్సియల్ కేబుల్ కొన్ని వందల మీటర్ల దాకా పనికి వస్తుంది. ఆ తరువాత సంకేతం బలహీనపడి బొమ్మ మసకబారుతుంది. మనకు కావలసింది 4 కి.మీ.

దూరం ఒక్కటే చిక్కు కాదు. నీరు వదలవలసి వచ్చేది ఎక్కువగా వానాకాలంలో. ఉరుములు, మెరుపులు ఉండేదీ అప్పుడే. దగ్గరలో పిడుగు పడితే, కెమెరా దగ్గరి నేలకూ ఆనకట్ట దగ్గరి నేలకూ మధ్య వోల్టేజీ తేడా ఒక్కసారిగా పెరుగుతుంది. రెండు చోట్లనూ రాగి తీగతో కలిపామంటే ఆ విద్యుత్తుకు మనమే బాట వేసినట్లు. కెమెరా కాలిపోతుంది, గదిలోని యంత్రాలూ కాలిపోవచ్చు. సరిగ్గా అవసరమైన వేళకే కన్ను మూతపడుతుంది!

గాజు అలా కాదు. అది విద్యుద్బంధకం. దాని గుండా విద్యుత్తు పోదు. పోయేది కాంతి మాత్రమే.

నీటిధారలో వెలుగు

కాంతి సరళరేఖలో ప్రయాణిస్తుందని మీరు చదువుకున్నారు. మరి వంపులు తిరిగే కేబుల్‌లో అది ఎలా పోతుంది? ఒక చిన్న ప్రయోగం చేయండి.

పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. అడుగుకు కొంచెం పైన, ప్రక్కగా, మేకుతో చిన్న రంధ్రం చేయండి. రంధ్రాన్ని వేలితో మూసి సీసా నిండా నీరు పోయండి. గదిని చీకటి చేయండి. రంధ్రానికి ఎదుటి ప్రక్క నుంచి, సరిగ్గా రంధ్రం మీద పడేలా టార్చి వేయండి. ఇప్పుడు వేలు తీయండి. నీరు వంపు తిరిగి క్రింద పడుతుంది. ఆ ధారకు అరచేయి అడ్డం పెట్టండి. చేతి మీద వెలుగు మచ్చ కనిపిస్తుంది. ధారతో పాటు కాంతి కూడా వంగి వచ్చింది! (లేజర్ పాయింటరు వాడవద్దు. అది కళ్ళకు హాని చేయవచ్చు.)

నిజానికి కాంతి వంగలేదు. ధారలో నీటి అంచుకు తగిలి, లోపలికే తిరిగి, మళ్ళీ అవతలి అంచుకు తగిలి, ఇలా గంతులు వేస్తూ వచ్చింది. నీటి నుంచి గాలిలోకి పోయే కిరణం, అంచుకు గీసిన లంబంతో సుమారు 49 డిగ్రీల కంటే ఎక్కువ కోణం చేస్తే బయటికి పోలేదు. మొత్తం లోపలికే పరావర్తనం చెందుతుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. జెనీవాలో డానియెల్ కొలాడన్ 1841లో ఈ నీటిధార ప్రయోగాన్ని చేసి చూపాడు. లండన్‌లో జాన్ టిండాల్ 1854లో దీనిని ప్రదర్శించాడు.

గాజు తంతువులో జరిగేది కూడా ఇదే. అయితే అక్కడ గాజు చుట్టూ గాలికి బదులు మరొక గాజు పొర ఉంటుంది. లోపలి దానిని కోర్ అనీ, పై పొరను క్లాడింగ్ అనీ అంటారు. కోర్ వక్రీభవన గుణకం పై పొర కంటే రవ్వంత ఎక్కువ. ఉదాహరణకు కోర్‌కు 1.468, పై పొరకు 1.463 అనుకోండి. ఇంత చిన్న తేడా కాబట్టి, తంతువు పొడవు దిశకు సుమారు 5 డిగ్రీల లోపు కోణంలో పోయే కాంతి మాత్రమే లోపల నిలుస్తుంది. కేబుల్‌ను మరీ మెలిపెట్టి వంచితే కాంతి బయటికి జారిపోతుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తరువాత పనికి వస్తుంది.

దూరాలకు వాడే తంతువును సింగిల్ మోడ్ అంటారు. దాని కోర్ వ్యాసం సుమారు 9 మైక్రాన్లు, పై పొరతో కలిపి 125 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత సన్నని దారిలో కాంతి గంతులు వేస్తుందనడం కంటే, ఒకే అలగా సాగిపోతుందనడం సరైన మాట. కోర్ 50 లేక 62.5 మైక్రాన్లు ఉండే మల్టీమోడ్ తంతువు కూడా ఉంది. అందులో కిరణాలు వేర్వేరు దారులలో పోయి ముందూ వెనుకగా చేరుతాయి. అందుచేత దానిని ఒకే భవనంలోనో ఒకే ఆవరణలోనో వాడతారు. మన 4 కి.మీ.కు సింగిల్ మోడే తగినది.

20 మీటర్ల నుంచి 100 కి.మీ. దాకా

గాజు పోగుల గుండా బొమ్మలను పంపవచ్చని 1954లో హాప్కిన్స్‌తో కలిసి నిరూపించిన శాస్త్రజ్ఞుడు మన దేశంలో, పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ. కాని ఆనాటి గాజు పోగులు చిన్న దూరాలకే పనికి వచ్చేవి. ఎందుకు?

కాంతి నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 10 డెసిబెల్స్ నష్టమైతే పదో వంతు కాంతి మిగులుతుంది. 20 డెసిబెల్స్ అయితే నూరో వంతు. 1960లలోని మామూలు గాజులో నష్టం కిలోమీటరుకు సుమారు 1000 డెసిబెల్స్. అంటే కేవలం 20 మీటర్లు పోయేసరికి కాంతి నూరో వంతు అయ్యేది.

1966లో ఇంగ్లండులో పని చేస్తున్న చార్లెస్ కావ్, జార్జ్ హాక్‌హామ్ ఒక ముఖ్యమైన సంగతి చెప్పారు. తప్పు గాజుది కాదు, గాజులో కలిసి ఉన్న ఇనుము వంటి మలినాలది. వాటిని తొలగించి, నష్టాన్ని కిలోమీటరుకు 20 డెసిబెల్స్‌కు తగ్గిస్తే చాలు, వార్తలు పంపడానికి గాజు పోగు పనికి వస్తుందన్నారు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ హద్దును దాటారు. నూరో వంతు కాంతి ఇప్పుడు 1 కి.మీ. దాకా వచ్చింది. ఈనాటి తంతువులలో, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతికి, నష్టం కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్స్ మాత్రమే. అంటే 100 కి.మీ. పోయాక కూడా నూరో వంతు మిగులుతుంది. చూశారా! 20 మీటర్లు ఎక్కడ, 100 కిలోమీటర్లు ఎక్కడ! ఈ కృషికి కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది.

బొమ్మ కాంతిగా మారడం

ఇప్పుడు మన కెమెరా దగ్గరకు వద్దాం. బొమ్మను అది చిన్న చిన్న చుక్కలుగా విడగొడుతుంది. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉన్నాయనుకోండి. మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగును చెప్పడానికి 24 బిట్లు, అంటే 24 సున్నలు లేక ఒకట్లు కావాలి. సెకనుకు 25 బొమ్మలు తీస్తుంది. గుణించి చూడండి. సెకనుకు సుమారు 124 కోట్ల బిట్లు!

అన్నీ పంపనవసరం లేదు. ఒడ్డున ఉన్న చెట్టు, బండరాయి ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు మారవు. మారిన భాగాన్నే పంపితే చాలు. ఇలా కుదించడం వల్ల అది సెకనుకు కొద్ది పదుల లక్షల బిట్లకు దిగుతుంది.

కెమెరా నుంచి వచ్చే ఈ విద్యుత్ స్పందనలు ప్రక్కనే ఉన్న ఒక చిన్న పెట్టెలోకి పోతాయి. దాని పేరు మీడియా కన్వర్టర్. అందులో ఇసుక రేణువంత లేజర్ డయోడు ఉంటుంది. ఒకటి వస్తే ఎక్కువగా, సున్న వస్తే తక్కువగా వెలుగుతుంది. అవతలి చివర ఫోటోడయోడు ఆ వెలుగును మళ్ళీ విద్యుత్తుగా మారుస్తుంది. గాజులో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. కనుక 4 కి.మీ. దాటడానికి దానికి పట్టేది సెకనులో 10 లక్షల వంతులు 20 మాత్రమే. తెర మీద కాస్త ఆలస్యం కనిపిస్తే, అది తంతువు వల్ల కాదు. బొమ్మను కుదించి మళ్ళీ విప్పడానికి పట్టే కాలం అది.

ఒకే పోగులో రానూ పోనూ

ఒంటి రైలు పట్టా మీద ఎదురెదురుగా రెండు బండ్లు పోలేవు. కాని కాంతి అలా కాదు. రెండు కిరణాలు ఒకదాని గుండా ఒకటి దాటిపోతాయి, ఏదీ చెడిపోదు. అందుచేత బొమ్మను 1310 నానోమీటర్ల కాంతితో పైకి, ఆజ్ఞలను 1550 నానోమీటర్ల కాంతితో క్రిందికి పంపుతారు. రెండు చివరలా ఉన్న వడపోత అద్దాలు ఒక తరంగదైర్ఘ్యాన్ని పోనిచ్చి, రెండవదాన్ని ప్రక్కకు మళ్ళిస్తాయి.

ఆజ్ఞకు పెద్ద చోటు అక్కరలేదు. "ఎడమకు తిరుగు", "దగ్గరగా చూపు" వంటి మాటలు కొద్ది బైట్లలో ఇమిడిపోతాయి. ఎక్కువగా వాడే ఒక పద్ధతిలో ఒక ఆజ్ఞకు 7 బైట్లు, అంటే 56 బిట్లు చాలు. బొమ్మ మహానది అయితే ఆజ్ఞ పిల్లకాలువ. అయినా సైరను మోగించేది ఆ పిల్లకాలువే!

కేబుల్ వేద్దాం రండి

గాజు పోగు ఒంటరిగా నిలవదు. దానికి ప్లాస్టిక్ పూత పూసి, అలాంటివి కొన్నింటిని గొట్టంలో ఉంచి, బలం కోసం గట్టి దారాలు చుట్టి, పైన నల్లని తొడుగు వేస్తారు. తేడా తెలియడానికి నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ వంటి రంగులు వేస్తారు. మనకు ఒక్క పోగు చాలినా 6 పోగుల కేబుల్ వేయడం మంచిది. ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుంది. ఉక్కు తొడుగు ఉన్న కేబుల్ అయితే ఆ ఉక్కును భూమికి కలపాలి. లేకపోతే పిడుగు దాని వెంట రావచ్చు. లోహమే లేని కేబుల్ కూడా దొరుకుతుంది.

నేలను మీటరుకు పైగా లోతు తవ్వి, ప్లాస్టిక్ గొట్టం పరచి, అందులోంచి కేబుల్ లాగుతారు. లాగేటప్పుడు వంపు వ్యాసార్ధం కేబుల్ మందానికి 20 రెట్లకు తగ్గరాదు. 12 మిల్లీమీటర్ల కేబుల్‌కు అది 24 సెంటీమీటర్లు. ఇందాక గుర్తు పెట్టుకోమన్న మాట ఇక్కడ పనికి వచ్చింది కదూ!

కేబుల్ 2 కి.మీ. చుట్టలుగా వచ్చిందనుకోండి. మధ్యలో అతకాలి. గాజును గాజుకు అతకడం చూడవలసిన పని. పోగు మీది పూతను ఒలిచి, ఆల్కహాలుతో తుడిచి, వజ్రపు అంచు గల కత్తెరతో చివరను నిటారుగా విరుస్తారు. రెండు చివరలను ఒక యంత్రంలో ఎదురెదురుగా ఉంచితే, అది సూక్ష్మదర్శినితో చూసి, మైక్రాన్ తేడా లేకుండా సరిపెట్టి, విద్యుత్ మెరుపుతో కరిగించి కలుపుతుంది. దాని మీద ఒక తొడుగు వేసి వేడి చేస్తారు. పని చేసేవారు కళ్ళద్దాలు పెట్టుకుంటారు. విరిగిన గాజు ముక్కలను ఎప్పటికప్పుడు ఒక డబ్బాలో వేస్తారు. అవి చర్మంలో గుచ్చుకుంటే కనిపించవు. తంతువు చివరలోకి ఎవరూ తొంగి చూడరాదు. పరారుణ కాంతి కంటికి కనిపించదు గాని కంటిని పాడు చేయగలదు.

కాంతికి జమాఖర్చులు

ఇంటి ఖర్చుకు పద్దు వేసినట్లే కాంతికీ పద్దు వేయాలి. మన పరికరాల జంట 10 డెసిబెల్స్ నష్టం దాకా భరించగలదు అనుకుందాం. ఇప్పుడు ఖర్చులు చూడండి.

1310 నానోమీటర్ల దగ్గర నష్టం కిలోమీటరుకు 0.35 చొప్పున, 4 కి.మీ.కు 1.4. (రెండు తరంగదైర్ఘ్యాలలో ఎక్కువ నష్టం ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.) మధ్యలో ఒక అతుకు, చివరలలో రెండు, మొత్తం మూడు అతుకులు, ఒక్కోదానికి 0.1 చొప్పున 0.3. చివరల ఉండే రెండు కనెక్టర్లకు 0.5 చొప్పున 1.0. మొత్తం 2.7 డెసిబెల్స్. మున్ముందు కేబుల్ తెగి మళ్ళీ అతకవలసి వస్తుంది కనుక 3 డెసిబెల్స్ దాచి ఉంచాలి. అంతా కలిపి 5.7. మన దగ్గర 10 ఉన్నాయి. కాబట్టి ఏ ఇబ్బందీ లేదు.

ఈ పద్దులో ఎక్కువ తప్పులు జరిగేది కనెక్టర్ల దగ్గర. కోర్ 9 మైక్రాన్లే. మన తల వెంట్రుక మందం అంతకు ఎన్నో రెట్లు. కంటికి ఆనని ఒక్క ధూళి కణం పడినా దారి మూసుకుపోతుంది. అందుకే కనెక్టరును పెట్టే ముందు ప్రతిసారీ తుడవాలి, తీసినప్పుడు మూత పెట్టాలి.

తెగింది ఎక్కడ?

ఒకనాడు తెర నల్లబడింది. ఎవరో కాలువ తవ్వుతూ కేబుల్‌ను తెంపారు. ఎక్కడని వెదకాలి? 4 కి.మీ. తవ్వి చూడనక్కరలేదు. బావిలోకి అరిస్తే ప్రతిధ్వని వచ్చినట్లు, తంతువులోకి ఒక కాంతి స్పందనను పంపితే తెగిన చోటు నుంచి కొంత కాంతి వెనక్కు వస్తుంది. అది 30 మైక్రోసెకన్లలో వచ్చిందనుకోండి. ఆ కాలంలో కాంతి 6 కి.మీ. పోతుంది. అది రానూ పోనూ దూరం. కనుక తెగినది 3 కి.మీ. దగ్గర. సరాసరి అక్కడికే వెళ్ళి అతకవచ్చు. అందుకోసమే కేబుల్ వేసేటప్పుడు అక్కడక్కడ కొన్ని మీటర్లు అదనంగా చుట్టి ఉంచుతారు.

గాజు పోగు చేయలేని పనులు

గాజు పోగు కెమెరాను నడిపేంత విద్యుత్తును తీసుకుపోలేదు. కెమెరాకు, సైరనుకు అక్కడే విద్యుత్తు ఉండాలి. గాలివానలో కరెంటు పోతుంది గనుక బ్యాటరీ తప్పనిసరి. సౌర ఫలకం ఉంటే మరీ మంచిది. రాత్రివేళ చూడటానికి పరారుణ దీపాలు కావాలి. జనం స్నానాలు చేసే చోటికి కెమెరాను గురిపెట్టడం మర్యాద కాదు. బండల మీదికి దిగే దారిని చూస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది, తెర ముందు ఒక మనిషి ఉండాలి. చూసి, సైరను మోగించి, అందరూ ఒడ్డెక్కారని మళ్ళీ చూసి, ఆ తరువాతే గేటు ఎత్తాలి. ఈ క్రమం తప్పితే ఎంత మంచి గాజు పోగైనా ఉపయోగం లేదు.

ఇప్పుడు మీరే ఒక లెక్క చేయండి. కెమెరా 10 కి.మీ. దూరంలో ఉంటే, అవే పరికరాలు చాలుతాయా? కేబుల్ 2 కి.మీ. చుట్టలుగానే వస్తుంది. అతుకులు ఎన్నో ముందు లెక్కపెట్టండి. 8.1 డెసిబెల్స్ వస్తే మీ లెక్క సరైనదే.

మరొక్క మాట. విహారయాత్రకు వెళ్ళినప్పుడు ఆనకట్టకు దిగువన నదిలోకి దిగకండి. సైరను వినబడితే చెప్పులకోసం, సంచులకోసం ఆగకుండా ఒడ్డెక్కండి. నీరు హఠాత్తుగా పెరిగినా, రంగు మారినా సైరను కోసం ఎదురు చూడకండి. అక్కడ కెమెరా ఉందో లేదో మీకు తెలియదు. మీ కళ్ళు మాత్రం మీ దగ్గరే ఉన్నాయి.